నీలగిరి చెట్టు నీలగిరులది కాదు: ఊటీ వెళ్లేవారు తెలుసుకోవలసిన విషయాలు

యూకలిప్టస్‌ను మనం నీలగిరి చెట్టు అంటాం. జలుబు చేస్తే నీలగిరి తైలం రాసుకుంటాం. కానీ ఆ చెట్టు పుట్టిల్లు ఆస్ట్రేలియా. 19వ శతాబ్దంలో బ్రిటిష్ వారు వంటచెరకు కోసం దాన్ని తమిళనాడులోని ఈ కొండల మీద నాటారు. ఊటీలో పర్యాటకులు ఫొటోలు తీసుకునే పచ్చదనంలో చాలా భాగం ఇలా బయటి నుంచి వచ్చిందే. టీ తోటలు, పైన్ తోపులు, తుమ్మ జాతికి చెందిన వాటిల్ చెట్లు, చివరికి ఊటీ సరస్సు కూడా గత రెండు శతాబ్దాల్లో మనుషులు చేసినవే. సరస్సును తవ్వించినది అప్పటి కోయంబత్తూరు కలెక్టర్ జాన్ సల్లివాన్.

అసలు కొండ

నీలగిరుల పైభాగం సహజంగా గడ్డి నేల. వాలుల మీద విశాలమైన పచ్చిక, నీరు చేరే లోయ మడతల్లో పొట్టి చెట్ల దట్టమైన అడవి. ఈ అడవిని షోలా అంటారు. వాన నీటిని పచ్చిక, షోలా కలిసి పీల్చుకుని, ఎండాకాలంలో కూడా కొద్దికొద్దిగా వాగుల్లోకి వదులుతాయి. కావేరికి ఉపనది అయిన భవానికి ఇక్కడి నుంచే నీరు అందుతుంది. పన్నెండేళ్లకోసారి పూసే నీలకురింజి, తమిళనాడు రాష్ట్ర జంతువైన నీలగిరి వరయాడు ఈ పచ్చిక మీదే బతుకుతాయి. టీ తోటలు, కలప తోటలు విస్తరించిన కొద్దీ పచ్చిక తగ్గిపోయింది. ఇప్పుడు అటవీశాఖ వాటిల్ వంటి చెట్లను తొలగించి పచ్చికను తిరిగి పెంచే పనులు చేపట్టింది.

కొండ మనుషులు

తమిళనాడులో అత్యంత వెనుకబడిన ఆదివాసీ సమూహాలుగా గుర్తింపు పొందినవి ఆరు: తోడా, కోటా, కురుంబ, ఇరుల, పణియ, కాట్టునాయకన్. ఈ ఆరూ నీలగిరుల్లో కనిపిస్తాయి. తోడాలు గేదెలను మేపేవారు. కోటాలు కమ్మరం, కుమ్మరం, వాద్య సంగీతంలో నేర్పరులు. కురుంబలు తేనె, అడవి సరుకులు సేకరించేవారు. వ్యవసాయం చేసే బడగలతో కలిసి వీరు పాలు, ధాన్యం, పనిముట్లు, తేనె ఇచ్చిపుచ్చుకుంటూ బతికారు. తోడా, కోటా భాషలు తెలుగులాగే ద్రావిడ కుటుంబానికి చెందినవి.

తోడాల జనాభా సుమారు రెండు వేలు. వారి ఆచారాలన్నీ గేదెల చుట్టూ, పాల చుట్టూ అల్లుకున్నవి. సగానికి కోసిన పీపాను బోర్లించినట్టుండే వారి గుడి పాలశాల కూడా. దాని పైకప్పుకు వాడే గడ్డి కొండ మీది చిత్తడి నేలల్లో పెరుగుతుంది. ఆ నేలలు పోతే గేదెలకు మేతే కాదు, గుడికి కప్పు కూడా కరవవుతుంది. పచ్చిక తరుగుదల తోడాలకు పర్యావరణ సమస్య మాత్రమే కాదు, అది వారి దైవారాధనకు సంబంధించిన సమస్య.

వెళ్లే దారి

విశాఖపట్నం, విజయవాడ, సికింద్రాబాద్‌ల నుంచి కోయంబత్తూరుకు రైళ్లున్నాయి. అక్కడికి దగ్గరలోని మేట్టుపాళయం నుంచి ఊటీకి 46 కిలోమీటర్ల కొండ రైలు నడుస్తుంది. 1899లో కూనూరు వరకు, 1908లో ఊటీ వరకు వేసిన ఈ మార్గానికి 2005లో యునెస్కో వారసత్వ హోదా దక్కింది. నిటారు వాలు మీద ఇంజిన్ పళ్ల చక్రం పట్టాల మధ్యనున్న పళ్ల కడ్డీని పట్టుకుని ఎక్కుతుంది. వానాకాలంలో కొండచరియలు విరిగిపడి రైలు ఆగిపోవడం మామూలే. మైసూరు వైపు నుంచి సొంత వాహనంలో వచ్చేవారికి బందీపూర్ అడవి దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసి ఉంటుంది.

మద్రాస్ హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి బయటి వాహనాలకు ఈ-పాస్ తప్పనిసరి చేశారు. బయలుదేరే ముందు తాజా నిబంధనలు చూసుకోవాలి. జిల్లాలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలపై నిషేధం ఉంది కాబట్టి స్టీలు సీసా తీసుకెళ్లడం మంచిది. ఏప్రిల్, మే నెలల్లో రద్దీ విపరీతం. డిసెంబరు నుంచి మార్చి వరకు ఆకాశం తేటగా ఉంటుంది కానీ రాత్రి చలి గట్టిగా ఉంటుంది.

ఏం చూడాలి, ఎలా చూడాలి

2,637 మీటర్ల దొడ్డబెట్ట నుంచి కొండల వరసలు, 1848 నాటి బొటానికల్ గార్డెన్ అందరూ చూస్తారు. షోలా, పచ్చిక పక్కపక్కన ఎలా ఉంటాయో చూడాలంటే పైకారా వైపు వెళ్లాలి. ముకుర్తి జాతీయ వనంలోకి అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్లడానికి వీల్లేదు.

తోడాల ఊరికి వెళితే అనుమతి అడిగి లోపలికి వెళ్లాలి, అడిగాకే ఫొటో తీయాలి. గుడిలోకి బయటివారికి ప్రవేశం లేదు. తెల్లని నూలు బట్ట మీద ఎరుపు, నలుపు దారాలతో తోడా స్త్రీలు చేసే కుట్టుపనికి 2013లో భౌగోళిక గుర్తింపు లభించింది. ముందుగా బొమ్మ గీసుకోకుండా, పోగులు లెక్కపెట్టి కుడతారు. ఒక్క శాలువాకే చాలా రోజులు పడుతుంది. బజారులో చవకగా దొరికే యంత్రపు నకలు కాకుండా, కుట్టినవారి దగ్గరే కొంటే ఆ డబ్బు వారికే చేరుతుంది.