విజయనగరమున ఒక గురుగృహము

విజయనగర సంగీత కళాశాల పుట్టుటకే యొక దయాకార్యము మూలము. సంస్థానోద్యోగియగు చాగంటి జోగారావుగారి కుమారుడు గంగరాజు అంధుడు. సంగీతమునం దాసక్తి గలవాడు. ఆ బాలునివంటివారు నేర్చుకొనుటకు చోటుండవలెనని పూసపాటి విజయరామ గజపతి మహారాజుగారు 1919 ఫిబ్రవరి 5వ తేదీన ఆ పాఠశాలను నెలకొల్పిరి. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. విద్యార్థిగా చేరవచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడుగారి ఫిడేలు విని, దాసుగారు వారిని ఆచార్యులుగనే నియమింపజేసిరి. ఇవి పెద్దల పనులు. వీని వెనుక సంస్థానపు ధనమును, అధికారమును కలవు. ఆ రెండును లేని యొక పండితుడు ఆ కళాశాల నీడనే చేసిన చిన్నపని యొకటి కలదు.

కృష్ణాజిల్లా గుడివాడ ప్రాంతమునందలి చౌటపల్లిలో 1922 డిసెంబరు 4న జన్మించిన ఘంటసాల వేంకటేశ్వరరావు బాల్యముననే తండ్రిని గోలుపోయెను. తండ్రి సూరయ్యగారు మృదంగము వాయించుచు తరంగములు పాడువారు. కుమారుడు సంగీతము నేర్వవలెనని వారి కోరిక. ఆ మాట మనసున నిలిచి, బాలుడు చేతి యుంగరము నమ్ముకొని విజయనగరము చేరెను. తీరా చూడగా వేసవి సెలవులు, కళాశాల మూసియుండెను. అప్పటి అధ్యక్షులు ద్వారంవారు దయదలచి ఆవరణలో నుండనిచ్చిరి.

ఆనాటి పేదవిద్యార్థికి భోజనము వారములమీద సాగెడిది. ఏడు దినములకు ఏడిండ్లు. సోమవారమొకరింట, మంగళవారము వేరొకరింట. ఏ గృహస్థునకును బరువు కాదు. విద్యార్థికి పస్తు లేదు. కాని యీ యేర్పాటంతయు పిల్లవాని మంచిపేరుమీద నిలిచియుండును. తోటివారు చేసిన తప్పు ఘంటసాల తలమీద పడెను. ఆవరణలో చోటు పోయెను. సంగతి తెలిసి, వారములిచ్చువారును తమ యిండ్లకు రావలదనిరి. నిందకు కాళ్లు తొందర యెక్కువ. ఒక్క వీథిలో పుట్టి ఏడిండ్ల తలుపులు మూసెను. పిల్లవాడు గుడిలో తలదాచుకొనెను.

ఆ గుడికి వచ్చి ఆతని సంగతి విన్నవారు పట్రాయని సీతారామశాస్త్రిగారు. వీరిది సాలూరు. (ఆ సాలూరు 1950లో శ్రీకాకుళము జిల్లాలోనికి, 1979లో విజయనగరము జిల్లాలోనికి, 2022లో పార్వతీపురము మన్యము జిల్లాలోనికి పోయినది, ఊరు మాత్రము కదలలేదు.) తండ్రి నరసింహశాస్త్రిగారిని పెదగురువుగారనియు, వీరిని చినగురువుగారనియు జనులు పిలిచెడివారు. హార్మోనియము తామే వాయించుకొనుచు పాడుట వీరి పద్ధతి. పాటకు భావమే ప్రాణమని వీరి మతము.

శాస్త్రిగారు ఆ కళాశాలలోనే గాత్రపండితులు. అచ్చటినుండి పంపివేయబడిన బాలుని అచ్చటి పండితుడే చేరదీసినచో నలుగురు నాలుగు విధములుగా ననుకొందురు. నిజానిజములు తేలువరకు ఆగుదమనుకొన్నను తప్పుపట్టువారుండరు. శాస్త్రిగారు ఆగలేదు. తమ యింటనే ఉచితముగా విద్య చెప్పుట కొప్పుకొనిరి.

అన్నము మాత్రము పెట్టలేకపోయిరి. వారిదియు పేదకాపురమే. అప్పుడొక సాధువు ఘంటసాలకు జోలెకట్టి మాధుకరము నేర్పెను. తేనెటీగ ఒక్కొక్క పువ్వునుండి కొంచెము కొంచెముగా తీసికొన్నట్లు ఇంటింట పిడికెడన్నము గ్రహించుట మాధుకరము. బ్రహ్మచారికిది విధియే గాని బిచ్చము గాదు. అయినను కడుపు కాలుచుండగా పరాయి గడపముందు నిలువవలసిన పిల్లవానికి శాస్త్రము ఎంత ఊరట నీయగలదు? రెండుపూటలకు సరిపడు అన్నము తెచ్చుకొని రాత్రికి గుడ్డలో కట్టియుంచగా చీమలు పట్టెడివి. మేనమామకు జాబు వ్రాసి సొమ్ము తెప్పించుకొని యొక డబ్బా కొనుక్కొనెను.

ఈ జోలెను గూర్చియు డబ్బాను గూర్చియు పదిమందియు చెప్పుదురు. తెరచిన తలుపును గూర్చి చెప్పువారు తక్కువ. ఆ తలుపు లోపలినుండి చూచినవారొకరు కలరు. శాస్త్రిగారి కుమారుడు సంగీతరావుగారు 1920లో జన్మించిరి. ఘంటసాలకంటె రెండేండ్లు పెద్ద. వారికిని తండ్రియే గురువు. లేమి గల యింటికి వేరొకరు వచ్చినచో మొదట తెలిసికొనువారు ఆ యింటి పిల్లలే. ఇచ్చట పంచుకొనవలసినది అన్నము గాకపోయినను, తండ్రి సమయమును, తండ్రి స్వరమును పంచుకొనవలసివచ్చెను. దయ చేసినవానికి పుణ్యము, పొందినవానికి విద్య. మధ్యనున్న పిల్లవాని వాటా నెవ్వరును లెక్క చూడరు. తనకు రావలసిన దానిలో భాగము పోయెనని యతడు కినుక పూనియుండవచ్చును.

జరిగినది వేరు. సెలవులైన పిమ్మట ఘంటసాల కళాశాలలో చేరి, గురువుగారియొద్దనే చదువు ముగించెను. 1942 ఉద్యమమున చెరసాలకు పోయి వచ్చి, పిదప మద్రాసులో సినిమాలకు పాడి తెలుగువారి యింటింటి గొంతుక యయ్యెను. ఆయన ప్రక్కన హార్మోనియము ముందు కూర్చున్న సహాయకుడు సంగీతరావుగారే. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల కన్నుమూయువరకు ఆ పొత్తు విడలేదు. గురుపుత్రుని గురువువలె చూడవలెనని పెద్దలందురు. వారిరువురిలో ఎవరెవరికి పెద్ద యనుట తేలెడి లెక్క గాదు. సంగీతరావుగారు నూరేండ్లు నిండ జీవించిరి. ఘంటసాలను గూర్చి అడుగవచ్చినవారికి, సినిమాపాటలకు ముందుగా, విజయనగరమున తమ తండ్రియొద్ద చదివిన ఆ కుఱ్ఱవాని సంగతియు చెప్పుచుండెడివారు.