ఒళ్ళో పిల్లకి టిక్కెట్టెందుకు?

రెండేళ్ళు నిండని పిల్లకి విమానంలో సీటు కొనక్కర్లేదు, అమ్మ ఒడి చాలు. మనకి ఇది ఎంత సహజంగా అనిపిస్తుందంటే, ఈ నియమం ఎందుకుందని ఎవరూ అడగరు. ఈ వేసవిలో మా ఇంట్లో ఆ ప్రశ్న వచ్చింది. మా అల్లుడికి వీసా స్టాంపింగు భయం, అందుకని తను రాలేడు. నాలుగేళ్ళ మనవణ్ణీ పధ్నాలుగు నెలల మనవరాలినీ తీసుకుని మా అమ్మాయి ఒక్కతే డాలస్ నుంచి రావాలి. చంటిదానికి కూడా సీటు కొంటాననీ, కారులో వాడే సీటునే విమానంలో బిగిస్తాననీ ఫోన్లో చెప్పింది. ఒళ్ళో పిల్లకి పెద్దవాళ్ళ ఛార్జీలో పదో వంతు ఇస్తే సరిపోయేచోట ఇంత ఖర్చేమిటని మా వారు లెక్కలు వేశారు. మా అత్తగారయితే ఒక్క మాటలో తేల్చేశారు. "నలుగుర్ని పెంచాను. ఒక్కణ్ణీ ఒళ్ళోంచి జారనివ్వలేదు."

అత్తగారి మాటలో అబద్ధం లేదు. మాది రైల్వే కుటుంబం. లాలాగూడ వర్క్‌షాపు 1893 నాటిది. దాని చుట్టూ బతికిన చాలా కుటుంబాల్లాగే మాకూ ప్రయాణం అంటే రైలే. సీతాఫల్‌మండి స్టేషన్లో ఎక్కితే చంటిపిల్ల ఒళ్ళో, పెద్దవాడు కిటికీ దగ్గర, సామాను కాళ్ళ దగ్గర. ఇప్పటికీ రైల్లో అయిదేళ్ళ లోపు పిల్లలకి టిక్కెట్టు లేదు, విడిగా బెర్తు అడగనంతవరకు. పాసింజరు బండి వేగానికి అమ్మ చేతులు సరిపోయేవి. అదే ఒడిని మనం విమానం ఎక్కించాం. విమానం వాళ్ళూ కాదనలేదు, ఎందుకంటే అది వాళ్ళకి ఛార్జీల లెక్క. పిల్ల బరువు ఎంత, చేతులు ఎంత ఆపగలవు అన్నది వేరే లెక్క.

ఆ రెండో లెక్క చూద్దాం. 1988 నుంచి అమెరికాలో కొత్త రకం విమానాల సీట్లు, వాటి బరువుకి పదహారు రెట్ల కుదుపుని తట్టుకునేలా పరీక్ష నెగ్గాలి. అంత కుదుపులో పది కిలోల పిల్ల నూట అరవై కిలోలతో సమానం. ఏ తల్లయినా ఎంత ప్రేమతో పట్టుకున్నా ఆగే బరువు కాదది.

ఇది కాగితం మీది లెక్కగా ఉండిపోయేదేమో గానీ, 1989 జులై 19న డెన్వర్ నుంచి షికాగో వెళ్తున్న యునైటెడ్ 232 విమానంలో తోక దగ్గరి ఇంజను పగిలి, విమానాన్ని అదుపు చేసే హైడ్రాలిక్ వ్యవస్థలన్నీ పోయాయి. అయోవా రాష్ట్రంలోని సూ సిటీలో దాన్ని దింపే ప్రయత్నం చేశారు. అందులో ఒళ్ళో ప్రయాణిస్తున్న పిల్లలు నలుగురు. వాళ్ళని కాళ్ళ దగ్గర నేల మీద పెట్టి పట్టుకోమని తల్లిదండ్రులకి చెప్పారు. అప్పటి పద్ధతి అదే. సిబ్బందిలో పెద్దావిడ జాన్ బ్రౌన్ ఆ మాట చెప్పి, తర్వాత జీవితమంతా దాన్ని మరిచిపోలేకపోయింది. విమానం ముక్కలయింది. 296 మందిలో 184 మంది బతికారు. ఒక పాప చేతుల్లోంచి జారిపోతే తోటి ప్రయాణికుడు పొగలోకి తిరిగి వెళ్ళి తీసుకొచ్చాడు. రెండేళ్ళు నిండని ఒక బాబు దక్కలేదు. బయటపడ్డ జాన్ బ్రౌన్‌కి మొదట ఎదురొచ్చింది ఆ బాబు తల్లే.

ప్రతి పిల్లకీ సీటూ బెల్టూ ఉండాలని ఆవిడ ఏళ్ళ తరబడి పోరాడింది. అమెరికాలో ప్రమాదాలని విచారించే ఎన్‌టీఎస్‌బీ 1990లోనే ఆ సిఫార్సు చేసింది. టేకాఫ్ ముందు కాఫీ కెటిలుని కూడా బిగించి పెడతారు, పిల్లని మాత్రం వదిలేస్తారేమిటన్నది వాళ్ళ వాదన. నియమాలు చేసే ఎఫ్‌ఏఏ మాత్రం 2005లో తప్పనిసరి చెయ్యలేమంది. పిల్లకి కూడా టిక్కెట్టు కొనాల్సి వస్తే కొన్ని కుటుంబాలు విమానం మానేసి కారులో వెళ్తాయట, రోడ్డు మీద చావులు ఇంకా ఎక్కువట. అమెరికాలో ఒక ఊరినుంచి ఇంకో ఊరికి వెళ్ళేవాళ్ళ విషయంలో అది కొట్టిపారేసే మాట కాదు. కానీ డాలస్ నుంచి సీతాఫల్‌మండికి కారులో ఎవరొస్తారు చెప్పండి? మనలాంటివాళ్ళకి ఆ వాదన వర్తించదు.

కారు సీటు కూడా మరీ పాతదేమీ కాదు. పిల్లల్ని కాపాడ్డానికని 1960లలో బ్రిటన్‌లో, అమెరికాలో రకరకాల సీట్లు తయారుచేశారు. వ్యోమగాములు వెల్లకిలా పడుకుని పైకెళ్ళే సీటుని చూసి, స్వీడన్‌కి చెందిన బెర్టిల్ ఆల్డ్‌మన్ 1964 ప్రాంతంలో పిల్ల వెనక్కి తిరిగి కూర్చునే సీటు రూపొందించాడు. అమెరికాలో తొలి చట్టం చేసింది టెనసీ రాష్ట్రం, అది 1978లో అమల్లోకొచ్చింది. 1985 కల్లా అన్ని రాష్ట్రాలూ చేశాయి.

1965 వలస చట్టం తర్వాత మన డాక్టర్లూ ఇంజనీర్లూ అమెరికా వెళ్ళారు. వెనకాలే వాళ్ళ భార్యలు, చాలామంది ఒంటరిగా, బేగంపేటలో ఎక్కి బొంబాయిలో మారి, చంటిపిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని సముద్రాలు దాటారు. అప్పటికి అక్కడ కారులోనూ పిల్లలు ఒళ్ళోనే ఉండేవాళ్ళు. వాళ్ళ ధైర్యానికి ఇప్పటికీ దణ్ణం పెట్టాలి. ఇవాళ మా అమ్మాయి తరం అలా కాదు. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన తొలి రోజే పిల్ల కార్‌సీటులో వస్తుంది. కూరగాయల కొట్టు దాకా వెళ్ళినా బిగించి తీసుకెళ్ళే పిల్లని, గంటకి తొమ్మిది వందల కిలోమీటర్ల వేగంతో పోయేచోట చేతుల్లో పట్టుకో అంటే తనకి అర్థం కాలేదు. తను అడిగింది అదే.

మీ ఇళ్ళల్లోనూ ఎవరైనా ఇలా రావాల్సి ఉంటే కొన్ని సంగతులు. సీటు మీద విమానంలో కూడా వాడొచ్చని ఎర్రక్షరాల్లో రాసి ఉండాలి. ఉత్త బూస్టరు సీటు టేకాఫ్, ల్యాండింగ్‌లకి పనికిరాదు. సీటు వెడల్పు ముందే కొలుచుకోవాలి. కిటికీ పక్క సీటు తీసుకోవాలి, పక్కవాళ్ళ దారికి అడ్డం రాకుండా. నాలుగేళ్ళవాడికి కేర్స్ అనే భుజాల బెల్టుంది, ఎఫ్‌ఏఏ 2006లో ఒప్పుకుంది, బరువు అరకిలో దాకా. ఉయ్యాల తొట్టి ఇస్తారుగా అంటారు కొందరు. అది గాల్లో ఉన్నప్పుడే, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ పిల్ల మళ్ళీ ఒళ్ళోకే. మన దేశంలో ఒళ్ళో పిల్లకి తల్లి బెల్టుకి తగిలించే చిన్న బెల్టు ఇస్తారు. గట్టి కుదుపులో తల్లి బరువంతా పిల్ల మీద పడుతుందని అమెరికా నియమాలు టేకాఫ్, ల్యాండింగ్‌లలో దాన్ని ఒప్పుకోవు.

విమానం మారేచోట, పేరెందుకులెండి, ఒక సంస్థ సిబ్బంది కార్‌సీటు లోపలికి కుదరదన్నారట. ఒక చేత్తో బాబునీ చంకలో పాపనీ పట్టుకుని, మా అమ్మాయి ఆ ఎర్రక్షరాలు చూపించింది, ఆ సంస్థ నియమాలే ఫోన్లో తీసి చదివించింది. పావుగంటకి ఒప్పుకున్నారు. పాప ఆ సీటులో, తనకి అలవాటైన చోటని, తొమ్మిది గంటలు నిద్రపోయిందట. ఒంటరిగా వచ్చే తల్లికి రెండు చేతులూ ఖాళీగా ఉండడం అంటే ఏమిటో పిల్లల్ని పెంచినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

మన దగ్గరా చట్టం లేకపోలేదు. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం పధ్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని బెల్టుతో గానీ పిల్లల సీటుతో గానీ బిగించకపోతే వెయ్యి రూపాయల జరిమానా. నాలుగేళ్ళ లోపు పిల్లల్ని బండి మీద తీసుకెళ్తే, నడిపేవాళ్ళకి కట్టే పట్టీ, హెల్మెట్టు, గంటకి నలభై కిలోమీటర్లు మించని వేగం అని 2023 ఫిబ్రవరి నుంచి నియమం. సాయంత్రం మా గల్లీలో నించుంటే స్కూటరు ముందు నిలబడ్డ పిల్లలు ఎంతమంది కనిపిస్తారో లెక్కపెట్టలేం. మొన్న మా వారు పక్కింటి కుర్రాడిని ఆపి ఆ పట్టీ గురించి చెప్తుంటే విన్నాను. ధర కూడా కనుక్కుని చెప్పారు. మూడువందల నుంచీ ఉన్నాయట.