గాలిని దాచిన పంతులుగారు



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు కోరారు. సర్వీసంతా ఫైళ్ళ మధ్య గడిపిన గుమాస్తాను నేను, సైన్సు చదువుకోలేదు. నన్ను ఈ విషయం వైపు నడిపించింది మా ఇంటి ఇన్వర్టరు బ్యాటరీ. రెండేళ్ళ క్రితం వేసవిలో ఒక రాత్రి కరెంటు పోయింది. నా శ్రీమతికి ఆయాసం, నెబులైజరు పెట్టాలి. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరు పోయడం నేను మరచాను. పది నిమిషాలకే అది చేతులెత్తేసింది. పక్కింటివారి ఇన్వర్టరు పుణ్యమా అని గట్టెక్కాం. కరెంటు పుట్టించడం ఒక ఎత్తు, దాచడం మరొక ఎత్తు అని ఆ రాత్రి తెలిసింది.

దాచే ప్రయత్నం పాతదే. 1800లో ఇటలీ దేశస్థుడు వోల్టా లోహపు బిళ్ళల దొంతరతో బ్యాటరీ చేశాడు. అదే ఏడు లండన్‌లో నికల్సన్, కార్లైల్ దాని తీగలను నీటిలో ముంచి, నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టారు. 1839లో గ్రోవ్ ఆ రెండింటినీ కలిపి తిరిగి కరెంటు రాబట్టాడు. 1859లో ఫ్రాన్సులో ప్లాంటే సీసపు పలకల బ్యాటరీ చేశాడు. మా ఇంట్లోది దాని మునిమనుమడే.

నాకు బాగా నచ్చినవాడు డెన్మార్క్‌లోని ఆస్కోవ్ గ్రామంలో పాఠాలు చెప్పిన పౌల్ లా కూర్. 1891లో ఆయన సర్కారు సాయంతో గాలిమర నిలబెట్టాడు. గాలి మన చెప్పుచేతల్లో ఉండదు గదా! అందుకని గాలి వీచినప్పుడు వచ్చిన కరెంటుతో నీటిని విడగొట్టి, ఆ వాయువులను తొట్లలో దాచాడు. 1895 నుండి 1902 వరకు ఆ పాఠశాలలో దీపాలు వాటితోనే వెలిగాయి. తర్వాత బ్యాటరీలు ఆ స్థానం తీసుకున్నాయి.

మన దేశంలోనూ 1961లో మొదలైన నంగల్ ఎరువుల కర్మాగారం భాక్రా కరెంటుతో నీటి నుండి హైడ్రోజన్ తీసింది.

ఇందులో మెలిక ఉంది. ఒక కిలో హైడ్రోజన్‌కు సుమారు 9 లీటర్ల నీరు, 50 యూనిట్ల కరెంటు పడతాయి. ఆ కిలోలో నిలిచే శక్తి 33 యూనిట్లే. దాన్ని మళ్ళీ కరెంటు చేస్తే ఇంకా తగ్గుతుంది. మన పెన్షన్ కమ్యుటేషన్ లాగే, అవసరానికి చేతికందుతుంది గాని కోత తప్పదు. బ్యాటరీలో కోత తక్కువే, కాని నెలల తరబడి పెద్ద మొత్తాలు దాచాలంటే ఖర్చు భరించలేము.

2023 జనవరిలో కేంద్రం హరిత హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నులు లక్ష్యం. 2025 జనవరిలో మన విశాఖ దగ్గర పూడిమడకలో హబ్‌కు శంకుస్థాపన జరిగింది. నా మట్టుకు, రాత్రి దీపానికి బ్యాటరీ, ఎరువుకూ ఉక్కుకూ హైడ్రోజన్ అన్న పంపకమే న్యాయమనిపిస్తుంది. ఎక్కడ ఏది వాడినా, ఆ కోత భారం బిల్లుల రూపంలో మన మనుమల మీద పడేదే.

చివరగా ఒక మనవి. ఈ పుట మూసేముందు మీ ఇన్వర్టరు బ్యాటరీలో నీళ్ళు ఒకసారి చూసుకోండి. నేనిప్పుడు ప్రతి నెలా పెన్షన్ పడిన రోజునే చూస్తున్నాను.