పొగ ముసుగులో దాగిన భూతాపం

1901–2018 మధ్య మన దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీల సెల్సియస్ పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020 నివేదిక తేల్చింది. గాలిలోని కాలుష్య కణాలు కొంత అడ్డుపడకపోతే ఈ పెరుగుదల ఇంకా ఎక్కువే ఉండేదని కూడా అది చెప్పింది. ప్రాణాలు తీసే కాలుష్యమే ఎండ తీవ్రతను కొంత దాచిపెడుతోందన్నమాట.

ఎలా జరుగుతుంది?

బొగ్గు, డీజిల్ మండినప్పుడు వెలువడే సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో సన్నని సల్ఫేట్ కణాలుగా మారుతుంది. ఇవి సూర్యరశ్మిలో కొంత భాగాన్ని అంతరిక్షంలోకి తిప్పికొడతాయి. మేఘాలను మరింత తెల్లగా, కాంతిమంతంగా మారుస్తాయి. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతం పేలినప్పుడు ఇలాంటి కణాల వల్లే భూమి సుమారు అర డిగ్రీ మేర తాత్కాలికంగా చల్లబడింది. అయితే అన్ని కణాలూ ఒకటి కావు. పంట వ్యర్థాలు, కట్టెల పొయ్యిలు, డీజిల్ వాహనాల నుంచి వచ్చే మసి వేడిని పీల్చుకుని గాలిని వేడెక్కిస్తుంది.

ఎంత దాగింది?

ఐపీసీసీ 2021 నివేదిక ప్రకారం 2010–2019 నాటికి గ్రీన్‌హౌస్ వాయువుల వల్ల భూమి 1 నుంచి 2 డిగ్రీల వరకు వేడెక్కింది. ప్రధానంగా ఈ కణాల వల్ల 0 నుంచి 0.8 డిగ్రీల వరకు చల్లబడింది.

వానలపై దెబ్బ

ఈ చల్లదనం ఉచితంగా రాలేదు. నేలకు చేరే ఎండ తగ్గితే నేలకూ సముద్రానికీ మధ్య ఉష్ణోగ్రత తేడా తగ్గి, రుతుపవనాలు బలహీనపడతాయి. 1951–2015 మధ్య దేశంలో నైరుతి వర్షపాతం సుమారు 6 శాతం తగ్గింది. గంగా మైదానం, పశ్చిమ కనుమల్లో ఈ లోటు స్పష్టంగా కనిపించింది. ఇందులో కాలుష్య కణాల పాత్ర గణనీయమని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

ముసుగు తొలగితే?

కణాలు కొద్ది రోజుల్లోనే వానతో నేలకు చేరతాయి. కార్బన్ డయాక్సైడ్ మాత్రం శతాబ్దాల పాటు గాలిలో ఉంటుంది. అందుకే పొగ తగ్గగానే దాగిన వేడి బయటపడుతుంది. థర్మల్ కేంద్రాల చిమ్నీలకు సల్ఫర్‌ను తొలగించే యంత్రాలు బిగిస్తే గాలి శుభ్రపడుతుంది కానీ, కార్బన్ డయాక్సైడ్ తగ్గదు. 2015లో పెట్టిన ఆ నిబంధన నుంచి 2025 జూలైలో అధిక శాతం ప్లాంట్లకు కేంద్రం మినహాయింపు ఇచ్చింది.

అలాగని పొగను ఉండనివ్వడం పరిష్కారం కాదు. దాని మూల్యం ఊపిరితిత్తులు, గుండె చెల్లిస్తున్నాయి. మసిని, సుమారు పుష్కరకాలంలో గాలి నుంచి తొలగిపోయే మీథేన్‌ను ముందుగా తగ్గిస్తే బయటపడే వేడికి కొంత విరుగుడు దొరుకుతుంది. బొగ్గు వాడకాన్నీ దానితోపాటే తగ్గించుకుంటూ పోవాలి.