తెల్ల చీర కనిపించింది, అక్క మొహం కనిపించలేదు

పేట చరిత్రలు – 17



పోయిన భాగంలో డప్పు గురించి రాశాను. ఈసారి బంజరు భూముల గురించి రాస్తానన్నాను గానీ మధ్యలో ఒక ఫోన్ వచ్చి దారి మళ్లింది. చేసింది మా మేనల్లుడు. తాడేపల్లిగూడెంలో ఒక స్టూడియోలో నాలుగేళ్లు పని నేర్చుకున్నాడు. ఇప్పుడు అత్తిలిలో సొంతంగా పెళ్లిళ్లు తీస్తానంటున్నాడు. చీటీ పాడిన డబ్బు చేతికొచ్చింది.

"మావయ్యా, కొత్త బాడీ కొననా, లెన్సుల మీద పెట్టనా, లైట్లు తీసుకోనా? మూడూ రావు. మొదటి పెళ్లి మన చెల్లిదే. చెడకూడదు" అన్నాడు.

వాడు నన్నే ఎందుకు అడిగాడంటే, 1998, 99 ఎండాకాలం సెలవుల్లో నేను పెళ్లి వీడియోల వాళ్ల దగ్గర లైట్ బాయ్‌గా చేశాను. దాని సంగతి తర్వాత చెప్తాను. "ముందు మీ అమ్మ పెళ్లి ఆల్బమ్ పట్టుకురా" అన్నాను వాడితో.

మా అక్క పెళ్లి 1996 మే నెలలో, మా పేట చర్చిలో జరిగింది. మా అమ్మకి పెళ్లి ఫొటో లేదు. ఆవిడకున్న పాత ఫొటో ఒక్కటే, అత్తిలి షష్ఠి తీర్థంలో తాజ్ మహల్ పరదా ముందు తీయించుకున్నది. కాబట్టి అక్కకి తీయించాలని నాన్న పంతం పట్టాడు. బయటి ఊరి నుంచి ఫొటోగ్రాఫర్‌ని పిలిపించాడు. ఆయన వచ్చాడు, తీశాడు, మా ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు. ఒక్కటే రోల్, 36 ఫొటోలు. ఆల్బమ్ వచ్చాక చూస్తే తెల్ల చీర మెరిసిపోతోంది. తెల్ల ముసుగు, మల్లెపూలు, బావ చొక్కా, అయ్యగారి అంగీ అన్నీ బాగున్నాయి. అక్క మొహం మాత్రం లేదు. ఒక నల్ల మచ్చ, అందులో పళ్లు, కళ్లలో తెల్లగుడ్డు. నాన్న అడిగితే ఆయన, "మీరు నల్లగా ఉంటారు కదా, ఫొటోలో అలాగే వస్తారు" అన్నాడట.

ముప్పై ఏళ్లుగా మా ఇంట్లో ఆ మాటే నిజం. అక్క ఆ ఆల్బమ్ ఎవరికీ చూపించదు. ఈ వ్యాసం ఆ మాట మీద.

కెమెరాలో వెలుగును కొలిచే మీటర్ ఉంటుంది. దానికి పెళ్లికూతురు తెలియదు, చీర తెలియదు. ఎదురుగా ఏమున్నా అది ఒక మధ్యరకం బూడిద రంగు అనుకుంటుంది. పడిన వెలుగులో 100కి 18 వంతులు తిప్పికొట్టే వస్తువన్న మాట. తెల్ల చీర 80, 90 వంతులు తిప్పికొడుతుంది. ఫ్రేమ్ నిండా తెల్ల చీరే ఉంటే మీటర్ "అబ్బో, వెలుగు ఎక్కువైంది" అనుకుని తగ్గిస్తుంది. ఆ తగ్గింపు రెండు స్టాపులు ఉంటుంది. ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది కాబట్టి రెండు స్టాపులంటే నాలుగో వంతే మిగులుతుంది. మన చర్మం అసలే 18 వంతుల కంటే తక్కువ తిప్పికొడుతుంది, దాని మీద ఈ కోత. చీర బూడిద రంగుకి దిగుతుంది, మొహం చీకట్లోకి పోతుంది. తర్వాత ల్యాబ్‌లో మిషన్ చీరను మళ్లీ తెల్లగా తేవచ్చు గానీ మొహాన్ని పట్టించుకోదు.

చర్చి లోపల ఫ్లాష్ వేస్తే? అప్పటి ఆటో ఫ్లాష్‌లకి ముందు వైపు ఒక కన్ను ఉండేది. తిరిగొచ్చిన వెలుగు చాలనిపించగానే ఫ్లాష్‌ని ఆపేసేది. తెల్ల చీర నుంచి వెలుగు దండిగా తిరిగొస్తుంది కాబట్టి త్వరగా ఆపేసేది. అదే కోత. ఫొటోగ్రాఫర్‌కి ఇది తెలిస్తే లెన్సు రెండు స్టాపులు తెరుస్తాడు, లేదా బుగ్గ దగ్గరకెళ్లి కొలుస్తాడు. రెండు సెకన్ల పని. ఆ రెండు సెకన్లు ఎవరి పెళ్లిలో పెట్టాలి, ఎవరి పెళ్లిలో అక్కర్లేదు అన్న లెక్క ఒకటుంది చూశారా, అక్కడే కులం ఉంది.

హిందూ పెళ్లిలో ఎర్ర చీర, పసుపు చీర ఉంటాయి, మీటర్ అంతగా మోసపోదు. గోదావరి జిల్లాల్లో మన పేటల పెళ్లిళ్లు ఎక్కువ చర్చిల్లో, తెల్ల చీరల్లో. ఏ రంగు చర్మానికి ఏ రంగు బట్ట కలిస్తే కెమెరా తప్పు లెక్క వేస్తుందో సరిగ్గా ఆ జోడీ మన ఇంట్లో ఉంది. మన పెళ్లి తీసేవాడు ఆ ఒక్క లెక్క నేర్చుకోకుండా వస్తే లాభం లేదు.

ఇక ఫిల్మ్ దగ్గరకొద్దాం. 1950ల నుంచి కొడాక్ కంపెనీ రంగు ఫొటోలు కడిగే ల్యాబులకి ఒక నమూనా కార్డు పంపేది. దాని మీద తెల్ల చర్మం అమ్మాయి, రంగుల బట్టల్లో. మొదట కూర్చున్న ఉద్యోగిని పేరు షిర్లీ. తర్వాత అమ్మాయిలు మారినా అది షిర్లీ కార్డుగానే ఉండిపోయింది. ఆ అమ్మాయి చర్మం సరిగ్గా వస్తే మిషన్ సరిగ్గా ఉన్నట్టు. మిగతా ప్రపంచం ఆ అమ్మాయి నుంచి ఎంత దూరంలో ఉంటే అంత "తేడా". కెనడా పరిశోధకురాలు లోర్నా రాత్ ఈ చరిత్ర తవ్వి 2009లో రాసింది. కొడాక్ పాత ఉద్యోగులు ఆమెకి చెప్పిన సంగతి ఒకటి వినండి. గోధుమ రంగులూ ముదురు రంగులూ ఫిల్మ్ మీద సరిగ్గా పడట్లేదని గట్టిగా అడిగింది చాక్లెట్ కంపెనీలూ, చెక్క సామాన్ల కంపెనీలూ అట. చాక్లెట్‌లో తేడా తెలియాలి, టేకుకీ వేరే చెక్కకీ తేడా తెలియాలి. మనిషి కోసం కదలనిది కుర్చీ కోసం కదిలింది. నల్ల అమ్మాయినీ, ఆసియా అమ్మాయినీ పక్కన కూర్చోబెట్టిన కార్డు 1990ల మధ్యలో గానీ రాలేదు.

అయితే ఫిల్మ్ మీదకి నెట్టేసి ఊరుకుంటే అది అబద్ధం అవుతుంది. 1996 నాటికి ఫిల్మ్ చాలా బాగుపడింది. మా అక్క మొహాన్ని పట్టుకోగల ఫిల్మ్ ఆ కెమెరాలో ఉండే ఉంటుంది. దీనికి రుజువు కూడా ఉంది, చివర్లో చెప్తాను.

ఫిల్మ్ మాట వచ్చింది కాబట్టి ఇంకొక్క సంగతి. ఫిల్మ్ మీద వెలుగును పట్టేది వెండి లవణం. ఆ వెండిని పట్టి ఉంచేది జెలటిన్. జెలటిన్ ఎక్కడి నుంచి వస్తుంది? పశువుల తోలు నుంచి, ఎముకల నుంచి. కొడాక్‌లోనే షెపర్డ్ అనే శాస్త్రవేత్త 1925లో కనిపెట్టాడు: కొన్ని జెలటిన్లు వెలుగుకి ఎక్కువ స్పందించడానికి కారణం ఆ పశువులు తిన్న ఆవ జాతి మొక్కల్లోని గంధకం. చచ్చిన గొడ్డును ముట్టుకున్నందుకు మనల్ని ఊరి బయట పెట్టారు. ఆ గొడ్డు తోలూ ఎముకా లేకుండా ఊళ్లో ఏ దొరగారి పెళ్లి ఫొటో కూడా లేదు. పీటల మీద కూర్చుని మడి కట్టుకుని దిగిన ఫొటోలు సైతం! దీనికి నేను చాలాసేపు నవ్వుకున్నాను.

అసలు మన మొహాలు కెమెరా చూడలేదా అంటే చూసింది. ఎవరికి కావాలంటే వాళ్లకి చూసింది. 1868 నుంచి 1875 దాకా బ్రిటిష్ సర్కారు "ది పీపుల్ ఆఫ్ ఇండియా" అని ఎనిమిది సంపుటాలు వేసింది, జాతుల వారీగా, కులాల వారీగా ఫొటోలు. 1909లో మద్రాసు నుంచి థర్‌స్టన్, రంగాచారి కలిసి ఏడు సంపుటాలు తెచ్చారు. అందులో మాలలూ ఉన్నారు, మాదిగలూ ఉన్నారు. థర్‌స్టన్ ముక్కుల పొడవూ వెడల్పూ కొలిచిన మనిషి. మిషన్ వాళ్లు కూడా బడి పిల్లల గుంపు ఫొటోలు తీసుకుని చందాల కోసం తమ దేశాలకి పంపుకున్నారు. అదే కాలంలో, 1890లలో, హైదరాబాద్‌లో రాజా దీన్ దయాళ్ పరదా పాటించే పెద్దింటి ఆడవాళ్ల కోసం విడిగా స్టూడియో పెట్టాడు, ఒక ఇంగ్లీషు మహిళ తీసేది. ఒకరికి పరదా వెనక గౌరవంగా, ఇంకొకరికి ముక్కు కొలుస్తూ.

దక్షిణాఫ్రికాలో ఇంకా పచ్చిగా జరిగింది. అక్కడ నల్లవాళ్లు జేబులో పాస్ పుస్తకం లేకుండా తిరగకూడదు. ఆ ఫొటోలకి పోలరాయిడ్ యంత్రాలు వాడేవారు. 1970లో అమెరికాలో ఆ కంపెనీలోనే పనిచేసే ఇద్దరు నల్లవాళ్లు, రసాయన నిపుణురాలు కారొలిన్ హంటర్, ఫొటోగ్రాఫర్ కెన్ విలియమ్స్, ఇది చూసి ఉద్యమం మొదలుపెట్టారు. 1977లో కంపెనీ అక్కడి నుంచి బయటకి పోయింది. నల్ల మొహం పాస్ పుస్తకంలో స్పష్టంగా రావాలంటే ఎలా తీయాలో వాళ్లకి తెలుసు. పెళ్లి ఫొటోలో ఆ అవసరం ఎవరికీ కనిపించలేదు.

బాబాసాహెబ్ మొదటి పెళ్లి 1906 ప్రాంతంలో, బొంబాయి బైకుల్లా మార్కెట్లో, వ్యాపారం ముగిసి జనం వెళ్లిపోయాక, రాత్రి పూట జరిగింది. రెండో పెళ్లి 1948 ఏప్రిల్ 15న ఢిల్లీలో, ఆయన దేశానికి న్యాయశాఖ మంత్రిగా ఉండగా. ఆ ఫొటోలు మనకి ఉన్నాయి. చేపల మార్కెట్ నుంచి ఆ ఫొటో దాకా పట్టిన దూరం కొలవాలంటే ఏ మీటర్ చాలుతుంది? అమెరికాలో బానిసగా పుట్టి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 19వ శతాబ్దంలో అందరికంటే ఎక్కువ ఫొటోలు దిగిన అమెరికన్. కావాలనే దిగాడు. నల్లవాడు ఎలా ఉంటాడో తెల్లవాళ్లు గీసే బొమ్మలకి జవాబుగా, సూటు వేసుకుని నవ్వకుండా దిగాడు.

ఇప్పుడు లైట్ బాయ్ సంగతి. భుజం మీద మోసే పెద్ద వీడియో కెమెరాల కాలం. వెయ్యి వాట్ల హాలోజన్ లైటు నా చేతిలో, వెనక బారెడు వైరు. పెళ్లికొడుకు ఎటు నడిస్తే అటు నడవాలి, కెమెరాలో నా నీడ పడకూడదు. చెయ్యి కాలేది. పెద్ద కులాల పెళ్లిళ్లలో లైటు పట్టినంతసేపు పీటల దాకా వెళ్లేవాణ్ణి, లైటు ఆరగానే "బయటికి పో" అనేవారు. వెనకటికి ఊరేగింపుల్లో కాగడాలు పట్టింది చాకలివాళ్లు. పెట్రోమాక్స్ లైట్లొచ్చాక నెత్తిన పెట్టుకుని మోసింది కూలివాళ్లు. తర్వాత హాలోజన్ మాలాంటి పిల్లల చేతికొచ్చింది. అన్ని కాలాల్లోనూ వెలుగు మోసినవాడు చీకట్లోనే ఉన్నాడు. అయితే ఆ రెండు ఎండాకాలాల్లో ఒకటి నేర్చుకున్నాను. లైటు ఎదురుగా పెడితే మొహం చదునైపోతుంది, నుదురూ ముక్కూ జిడ్డుగా మెరుస్తాయి. పక్కకి జరిపి తెల్ల గోడకి కొట్టి తిప్పితే బుగ్గ ఎముక, గడ్డం, కనురెప్ప అన్నీ లేస్తాయి. తెల్ల చర్మం మీద ఆకారం తెలిసేది ఎక్కువగా నీడ వల్ల, నల్ల చర్మం మీద మెరుపు వల్ల. ఆ మెరుపు పెద్దగా, మెత్తగా ఉండాలంటే దీపం పెద్దదవ్వాలి.

కాబట్టి మేనల్లుడికి చెప్పిందిదీ. కొత్త బాడీ వద్దు. 2018లో వచ్చిన సోనీ ఏ7 త్రీ సెకండ్ హ్యాండ్‌లో తీసుకో. రెండు కార్డులు పడతాయి, ఒకటి చచ్చినా పెళ్లి చావదు. లెన్సుల్లో 70-200 ఇప్పుడు కొనకు. అది ఫంక్షన్ హాళ్ల లెన్సు. మన సందులో వెనక్కి జరిగితే పక్కింటి వంటింట్లో పడతావు. 35 ఒకటి, 85 ఎఫ్1.8 ఒకటి చాలు. మిగిలిన డబ్బంతా లైట్ల మీద పెట్టు. బ్యాటరీతో నడిచే ఫ్లాష్‌లు రెండు, పెద్ద తెల్ల గొడుగు ఒకటి. జనరేటర్ కరెంటునీ, చవక ఎల్ఈడీనీ నమ్మకు. ఒకటి మినుకుమంటుంది, ఇంకొకటి మన చర్మాన్ని ఆకుపచ్చ చేస్తుంది. షామియానా గుడ్డ రంగు మొహం మీద పడుతుంది, బూడిద కార్డు పెట్టి వైట్ బ్యాలెన్స్ చేసుకో. స్టేజీ మీద ఊదా రంగు లైట్లుంటే ప్రమాణాలప్పుడు ఆర్పమని ముందే చెప్పుకో. బుగ్గ మీద స్పాట్ మీటర్ పెట్టి కొలువు. చీర తెలుపు తెగిపోకుండా చూసుకుంటూ ఎంత తెరవగలిగితే అంత తెరువు. ఫైలు రా లోనే ఉంచు.

వాడు అన్నీ రాసుకుని చివర్న ఒకటడిగాడు. "మావయ్యా, మనోళ్లే తెల్లగా చెయ్యమంటారు. ఏం చెప్పను?"

నిజమే. స్టూడియోలో ఉండగా వాడు రోజూ చేసిన పని అదే. కంప్యూటర్లో మొహం మీద తెలుపు పూయడం. మెడ ఒక రంగు, మొహం ఒక రంగు. అడిగేవాళ్లలో సగం మన పేటల వాళ్లే. వాళ్లని తిట్టడానికి నాకు నోరు రాదు. ఆల్బమ్‌లో నల్ల మచ్చగా మిగిలిన ఆడమనిషి కూతురి పెళ్లికి "కాస్త తెల్లగా తియ్యి బాబూ" అంటే ఆవిడ అడిగేది తెలుపు కాదేమో, కనిపించడమేమో. ముందు నీ వెలుగులో తీసిన ఫొటో చూపించు, ఆ తర్వాత కూడా తెలుపే కావాలంటే అప్పుడు మాట్లాడదాం అన్నాను.

రుజువు చెప్తానన్నాను కదా. అక్క ఆల్బమ్ వెనక అరలో ప్లాస్టిక్ కవర్లో నెగటివ్‌లు దొరికాయి. మేనల్లుడు వాటిని తెల్ల లైటు పలక మీద పెట్టి మాక్రో లెన్సుతో ఫొటోలు తీసి, రంగులు తిప్పాడు. 36లో 11 ఫ్రేముల్లో అక్క మొహం వచ్చింది. మసగ్గా, ఇసుక చల్లినట్టు గింజలతో, కానీ వచ్చింది. ఒకదాంట్లో చర్చి కిటికీ వైపు తిరిగి ఏడుపు ఆపుకుంటోంది. ల్యాబ్‌లో ఎవరో ఒక్కసారి మొహం చూసి ప్రింట్ వేసి ఉంటే ఇది 1996లోనే మా ఇంటికొచ్చేది. మిగతా 25లో ఏమీ లేదు.

అక్క ఫోన్‌లో ఆ ఫొటో చూసి, "ఇంత సన్నగా ఉండేదాన్నా" అంది. ఇంకేం అనలేదు.

మీ ఇళ్లలో పాత ఆల్బమ్‌లుంటే అట్టల వెనకా, బీరువా అడుగునా నెగటివ్‌లు వెతకండి. వేళ్లతో నడి మధ్య ముట్టుకోకండి, అంచులు పట్టుకోండి. తుడవకండి. లైటు పలక లేకపోతే ఫోన్ తెర తెల్లగా పెట్టి, దానికి రెండు అంగుళాల ఎత్తున నెగటివ్ పట్టి ఇంకో ఫోన్‌తో తీయొచ్చు. ఎవరి పెళ్లి, ఏ ఊరు, ఏ ఏడాది అనేది అమ్మలు బతికుండగానే అడిగి రాసి పెట్టుకోండి. బంజరు భూముల గురించి వచ్చే వారం.