తెలుగునాట వైద్యశాలలు – మత, సామాజిక సహజీవనం: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
వేర్వేరు మతాలవారు, కులాలవారు ఒకే కప్పు కింద చేరే స్థలాల్లో వైద్యశాల ముఖ్యమైనది. మల్కాపురం శాసనం (1261), హైదరాబాదులోని దారుల్ షిఫా (1595), అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి, గుంటూరు మిషన్ ఆసుపత్రి (1898) ఆధారంగా ఈ సహజీవనం ఎటువంటి ఏర్పాట్ల మీద నిలిచిందో, దాని పరిమితులేమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఆరోగ్యశాల, గోళకీమఠం, యునానీ, దారుల్ షిఫా, మిషన్ వైద్యం, సహజీవనం.

1. ఉపోద్ఘాతం:
రోగానికి కులమతాలు లేవు. రోగి మాత్రం తన ఆచారాన్ని, ఆహారనియమాన్ని, అంటుముట్టు పట్టింపులను వెంటబెట్టుకొనే వైద్యశాలకు వస్తాడు. అందువల్ల భిన్నవర్గాలు ఒకచోట చికిత్స పొందాలంటే సద్భావన ఒక్కటే చాలదు. ఖర్చు ఎవరు భరించాలి, అన్నం ఎవరికి పెట్టాలి, స్త్రీలను ఎవరు పరీక్షించాలి అనే ప్రశ్నలకు ఆ సంస్థ సమాధానం చెప్పవలసి ఉంటుంది. తెలుగునాట ఆయా కాలాల వైద్యశాలలు ఈ ప్రశ్నలను వేర్వేరు రీతుల్లో పరిష్కరించుకొన్నాయి.

2. మల్కాపురం శాసనం:
గుంటూరు జిల్లా తుళ్ళూరు ప్రాంతంలోని మల్కాపురంలో లభించిన శాసనం శక సంవత్సరం 1183, అనగా క్రీ.శ. 1261 నాటిది. కాకతీయ గణపతిదేవుడు తన గురువైన విశ్వేశ్వర శివాచార్యులకు ఇవ్వదలచిన మందడం గ్రామాన్ని, రుద్రమదేవి వెలగపూడితో కలిపి ధారపోసిన విషయాన్ని ఇది తెలుపుతుంది. గౌడదేశం నుండి వచ్చిన ఈ శైవాచార్యుడు ఆ భూముల ఆదాయాన్ని దేవాలయం, మఠం, విద్యార్థుల పోషణలతోపాటు ప్రసూతిశాల, ఆరోగ్యశాల, విప్రసత్రాలకు కూడా పంచాడు. వేదశాస్త్రాల బోధకుల సరసన ఒక వైద్యునికి, లెక్కలు చూసే ఒక కాయస్థునికి జీవనవృత్తి ఏర్పడింది. రాజుల దయ మారినా వైద్యం ఆగకుండా ఉండడానికి భూమి ఆదాయమే ఆధారమైంది.

బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు వచ్చినవారందరికీ అన్నం పెట్టాలన్న నియమం ఈ శాసనంలో గమనింపదగినది. ఇది అన్నదానానికి సంబంధించిన నియమం కనుక దీనిని చికిత్సకు యథాతథంగా అన్వయించడం తొందరపాటు అవుతుంది. పైగా ‘బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు’ అన్న మాటలోనే సామాజిక నిచ్చెన మొత్తం కనిపిస్తుంది. విప్రసత్రం విడిగా ఉండడం కూడా దానినే సూచిస్తుంది. శాసనం ఆ నిచ్చెనను తొలగించలేదు. కాని చివరి మెట్టు మీద ఉన్నవాని ఆకలిని సంస్థ బాధ్యతగా రాతిపై చెక్కించింది.

3. దారుల్ షిఫా:
హైదరాబాదు నగర నిర్మాణం మొదలైన నాలుగేళ్ళకు, 1595లో, మహమ్మద్ కులీ కుతుబ్ షా దారుల్ షిఫాను కట్టించాడు. విశాలమైన ప్రాంగణం చుట్టూ రెండంతస్తులుగా నిర్మించిన ఈ భవనంలో వైద్యశాలతోపాటు యునానీ వైద్య విద్యాలయం కూడా నడిచింది.

ఇక్కడ బోధించిన వైద్యమే అనేక జాతుల ఉమ్మడి సంపద. ‘యునానీ’ అన్న పేరు గ్రీకు దేశాన్ని సూచిస్తుంది. 9వ శతాబ్దంలో బాగ్దాదులో గేలెన్ గ్రంథాలను అరబ్బీలోకి తెచ్చిన హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ క్రైస్తవుడు. 850 ప్రాంతంలో అలీ ఇబ్న్ రబ్బన్ అల్ తబరీ రచించిన వైద్యగ్రంథంలో భారతీయ వైద్యానికి ప్రత్యేక విభాగం ఉంది. దారుల్ షిఫాలో ఆషుర్‌ఖానా కూడా ఉండడం మరొక విశేషం. మొహర్రంను ‘పీర్ల పండుగ’గా హిందువులు సైతం జరుపుకొనే తెలుగునేలపై వైద్యం, భక్తి ఒకే ఆవరణను పంచుకొన్నాయి.

4. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి:
ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పాలనలో, 1888, 1889 సంవత్సరాల్లో, ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో క్లోరోఫాం ప్రయోగాలు హైదరాబాదులో జరిగాయి. ఆంగ్లేయ వైద్యుని పర్యవేక్షణ, ముస్లిం పాలకుని ధనసహాయం ఉన్న ఆ వైద్యరంగంలోనే రూపాబాయి ఫర్దూన్జీ అనే పార్శీ మహిళ శిక్షణ పొంది, మత్తువైద్యంలో తొలి మహిళల్లో ఒకరయ్యారు. ఇక్కడ భిన్నవర్గాలు రోగులుగానే కాక, వృత్తి సహచరులుగా కూడా కలిశాయి. 1908 మూసీ వరదలో ఈ ఆసుపత్రి ధ్వంసమైంది. తరువాత ఏడవ నిజాం కాలంలో ఉస్మానియా ఆసుపత్రి వెలసింది.

5. గుంటూరు మిషన్ ఆసుపత్రి:
1883లో గుంటూరు చేరిన అమెరికన్ లూథరన్ వైద్యురాలు అన్నా శారా కుగ్లర్ కృషితో 1898లో ఈ ఆసుపత్రి ప్రారంభమైంది. పురుషవైద్యుని ఎదుటికి రాని ఘోషా స్త్రీలకు, అగ్రవర్ణ స్త్రీలకు వైద్యురాలి రాక చికిత్సకు దారి తెరిచింది. ఏలూరు రాజా కృతజ్ఞతతో రోగుల బంధువుల కోసం సత్రం కట్టించారు. క్రైస్తవ సంస్థ వైద్యానికి హిందూ దాత సత్రం తోడు కావడం పరస్పర సర్దుబాటుకు నిదర్శనం. మతప్రచారం మిషన్ ఆశయాల్లో ఒకటన్నది నిజమే. అయినా విశ్వాసాన్ని వదులుకోకుండానే చికిత్స పొందినవారు, ఆ సంస్థకు అండగా నిలిచినవారు ఉన్నారు.

6. ముగింపు:
ఈ నాలుగు సందర్భాల్లోనూ భేదాలు పూర్తిగా సమసిపోలేదు. మల్కాపురంలో వర్ణభేదం, గుంటూరులో ఘోషా అలాగే ఉన్నాయి. వైద్యశాలలు ఆ భేదాలను గుర్తించి, అవి ప్రాణానికి అడ్డుపడకుండా తగిన ఏర్పాట్లు చేశాయి. భూమి ఆదాయం, అన్నం, వైద్యురాలు, సత్రం అటువంటి ఏర్పాట్లే. దీనిని సమానత్వంగా పొగడడం అతిశయోక్తి, కేవలం దానధర్మంగా తీసిపారేయడం అన్యాయం. ఇటువంటి ఏర్పాట్లు ఉన్నంతవరకే రోగి కులమతాలు చికిత్సకు అడ్డు కాకుండా ఉంటాయి. అవి సడలిన చోట ముందుగా నష్టపోయేది చివరి మెట్టు మీద ఉన్నవాడే అన్నది ఈ చరిత్ర నుండి గ్రహించవలసిన అంశం.