వంగదీసే జ్వరం

2006లో మన పల్లెల్లో, తాండాల్లో చాలామంది కోడికూర మానేశారు. కొత్త జ్వరం పేరు చికున్‌గున్యా. పేరులో 'చికెన్' వినబడింది కదా! నిజానికి అది ఆఫ్రికాలోని మకొండే తెగ వాళ్ల మాట. ఒళ్లు వంగిపోయేలా చేసేదని అర్థం.

1952-53లో ఇప్పటి టాంజానియా దక్షిణాన మకొండే పీఠభూమి మీద ఈ జ్వరం పాకింది. కీళ్ల నొప్పులకు మనుషులు నిటారుగా నిలబడలేకపోయారు. వాళ్లు తమ భాషలో పెట్టుకున్న పేరునే రాబిన్సన్, లమ్స్‌డెన్ అనే వైద్యులు 1955లో తమ వ్యాసాలకు ఎక్కించారు. గోర్‌బోలికి లిపి లేదు, విలువేముంది అనేవాళ్లకు నేను ఈ సంగతే చెబుతుంటాను.

ఆ పీఠభూమి మీద నీళ్లకు కటకట. దూరం నుంచి మోసుకొచ్చి ఇళ్లలో నిలవ చేసుకునేవారు. పగటిపూట కుట్టే ఏడిస్ దోమకు కావలసింది అదే. మురుగు కాదు, కదలని మంచినీళ్లు.

మన దేశంలో ఈ జ్వరం 1963లో కలకత్తాలో, 1964లో మద్రాసులో, 1965లో విశాఖపట్నం, రాజమండ్రి, కాకినాడల్లో కనబడింది. 1973 తర్వాత దాదాపు మాయమైంది. 2005 చివర మళ్లీ వచ్చేసరికి ఒక తరానికి దాన్ని తట్టుకునే శక్తే లేదు. 2006లో దేశమంతా అనుమానిత కేసులు 13 లక్షలు దాటాయి.

అప్పుడు మంఖాల్ పక్కన శంషాబాద్ విమానాశ్రయం కడుతున్నారు. 2008 మార్చిలో తెరిచారు. మా తాండాలో మాత్రం నీళ్లు డ్రమ్ముల్లోనే. దాది పొద్దున లేచి గోడ పట్టుకుని నడిచేది. సీత్లా భవానికి మొక్కుకుంది. ఆ మొక్కును నేను తక్కువ చెయ్యను. కాని వాకిట్లోని గోళెం ఎవరమూ కడగలేదు.

కడగడమంటే నీళ్లు పారబోయడం కాదు. ఏడిస్ గుడ్లు నీటి అంచున గోడకు అతుక్కుంటాయి, ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి. కొబ్బరిపీచుతో గట్టిగా రుద్దాలి. గుడ్డు దోమయ్యేందుకు వారం, పది రోజులు చాలు కాబట్టి వారానికొకసారి ఈ పని పడుతుంది. బడిలో టార్చి వేసి డ్రమ్ములో తోకపురుగులను చూపిస్తే పిల్లలు ఇంటికెళ్లి పెద్దలను నిలదీస్తారు.

డెంగీ కూడా ఈ దోమతోనే వస్తుంది. అది కాదని పరీక్షలో తేలేదాకా జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు వేసుకోకూడదు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

దాది జ్వరం వారంలో పోయింది. రెండేళ్ల దాకా రొట్టె పిండి పిసకలేకపోయింది.